అర్చామూర్తులను ప్రోగుచేసిన సేనాని

పాతపట్నమునుండియు, మహేంద్రతనయకు ఆవలనున్న పర్లాకిమిడినుండియు, వంశధారా తీరపు గ్రామములనుండియు శ్రీ జగన్నాథస్వామిని సేవింప బోవు యాత్రికులు త్రోవలో భువనేశ్వరమున నాగుట పరిపాటి. అచ్చట బిందు సరోవరమున స్నానమాడి లింగరాజును దర్శించువారు ఆ సరస్సు తూర్పుగట్టుననున్న అనంత వాసుదేవస్వామి ఆలయమునకును పోవుదురు. శైవక్షేత్రము నడుమ వెలసిన వైష్ణవాలయమది. లోపల బలభద్ర సుభద్రా సమేతుడై శ్రీకృష్ణుడు కొలువై యున్నాడు. పూరీయందువలె ఇవి దారుమూర్తులు గావు. కరచరణాది సర్వావయవములతో నొప్పు నల్లని శిలామూర్తులు. మట్టికుండలలో వండి నివేదించిన అన్నప్రసాదమును స్వీకరించి యాత్రికులు తృప్తితో మరలుదురు. ఆ ఆలయపు ప్రాకార కుడ్యమున రెండు శాసన శిలలు పొదుగబడి యున్నవి. వాని వైపు చూచువారు అరుదు. ఆ శిలలు కలకత్తా నుండి వచ్చి అక్కడ చేరినవనియు, అందొకటి ఆ ఆలయమునకు సంబంధించినదే కాదనియు ఎరిగినవారు మరియు అరుదు. ఆ కథకు మూలపురుషుడు ఒక తెల్లదొర. అతని పేరు చార్లెస్ స్టూవర్టు. ఆనాటి జనులు అతనిని హిందూ స్టూవర్టు అని పిలిచిరి.

అతని చరిత్రకు ముందు ఆలయమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. ఏలననగా ఆ ఆలయమునకును మన ప్రాంతమునకును రక్తసంబంధము వంటిది కలదు. పాతపట్నమునకు సమీపమున, వంశధార యొడ్డున, శ్రీముఖలింగక్షేత్రము కలదు గదా. పూర్వము కళింగనగరమనబడిన రాజధాని అదియే. గాంగవంశపు రాజులు అక్కడినుండియే కళింగమును పాలించిరి. మధుకేశ్వరాలయ ద్వారబంధములపై లతలను, పత్రములను, చిరుమూర్తులను దంతపు పనివలె చెక్కిన శిల్పుల విద్య ఆ రాజుల ఆశ్రయమున పెరిగినది. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్కలమును జయించి, రాజధానిని కటకమునకు మార్చి, పూరీలో శ్రీ జగన్నాథుని మహాలయమునకు పూనుకొనెను. రాజు వెంట శిల్పవిద్యయు ఉత్తరమునకు నడచినది. ఆ వంశమున బుట్టిన మూడవ అనంగభీమదేవుడు రాజ్యమునకు పురుషోత్తముడే ప్రభువనియు, తాను ఆయన సేవకుడననియు భావించి పాలించిన భక్తుడు. అతని కుమారుడు మొదటి నరసింహదేవుడు కోణార్కమును నిర్మించెను. సింహాచలమున 1268 నాటి శాసనము చాటుచున్న పునర్నిర్మాణమును అతని పేరిటిదే.

అనంగభీముని కుమార్తె చంద్రికాదేవి. సంగీత నృత్యములయందు ఆరితేరినది. అచ్యుతుని యందు అచంచలభక్తి గలది. హైహయ వంశజుడైన పరమర్దిదేవుని వివాహమాడినది. అతడు నరసింహదేవుని పక్షమున యుద్ధము చేసి వీరస్వర్గ మలంకరించెను. భర్తను గోల్పోయిన ఆ రాజపుత్రి తన శేషజీవితమును భగవదర్పితము చేసి, శక సంవత్సరము 1200లో, అనగా క్రీస్తుశకము 1278లో, భానుదేవుని పాలనాకాలమున బిందు సరోవర తీరమున విష్ణ్వాలయమును కట్టించి, ఆ విషయమును శిలపై శ్లోకములుగా చెక్కించినది. అనంత వాసుదేవాలయ మదియే. ఆమె చెక్కించిన ఆ శిల ఏమైనదో తుదకు తెలియును.

ఇక స్టూవర్టు. అతడు ఐర్లండు దేశీయుడు. 1758 ప్రాంతమున జన్మించెను. పందొమ్మిదేండ్ల వయస్సున, 1777లో, ఈస్టిండియా కంపెనీవారి వంగదేశ సైన్యమున చిన్న యుద్యోగిగా జేరి భారతదేశమునకు వచ్చెను. అట్లు వచ్చినవారిలో పెక్కుమంది ధనమార్జించి స్వదేశమునకు మరలినవారే. స్టూవర్టు మాత్రము మరల తన దేశమున స్థిరపడలేదు. సుమారు ఏబదియేండ్లు ఈ దేశముననే యుండి, మేజర్ జనరలు పదవి వరకు పెరిగి, కలకత్తాలో మరణించెను.

ఈ దేశమునకు వచ్చిన కొలది కాలములోనే అతని మనస్సు మన ఆచారముల వైపు తిరిగినది. దేశభాషలను నేర్చెను. కలకత్తాలో నున్నప్పుడు ప్రతిదినము ఉదయమున వుడ్ స్ట్రీటులోని తన గృహమునుండి కాలినడకన బోయి గంగాస్నానము చేసెడివాడు. దొరలెల్లరు పల్లకీలలోను గుఱ్ఱపు బండ్లలోను తిరుగు కాలమున ఒక సేనాధికారి ఇట్లు గంగకు నడచిపోవుట చూచి తోడివారు నవ్వుకొనిరి. అతడు లక్ష్యపెట్టలేదు. దొరసానులు ఇనుప చువ్వల బిగుతు దుస్తులను విడిచి చీర కట్టుట ఆరోగ్యమునకును అందమునకును మేలని పత్రికలకు వ్రాసెను. దొరసానులకు అది కోపము దెప్పించినది గాని ఒక్కరైనను చీర కట్టినట్లు లేదు. 1804లో కొంతకాలము స్వదేశమునకు బోయినప్పుడు తన గృహమున బూజించు దేవతా ప్రతిమలను వెంట గొనిపోయెనని చెప్పుదురు.

అతని మాటకు బలము చేకూర్చిన సంఘటన మన దక్షిణదేశమున జరిగినది. 1806లో వేలూరు కోటలోని సిపాయిలు తిరుగబడిరి. నొసట బొట్టు పెట్టరాదనియు, గడ్డములు తీయవలెననియు, క్రొత్తవిధమైన తలపాగా ధరింపవలెననియు అధికారులు విధించిన కట్టుబాట్లే దానికి ముఖ్యకారణము. ఆ సిపాయిలలో తెలుగువారును ఉండిరి. ఊర్ధ్వపుండ్రము చెరిపివేయుమన్న ఆజ్ఞ వైష్ణవునకు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. ఈ సంఘటన తరువాత మతప్రచారకులను ఈ దేశమునకు విరివిగా పంపవలెనా వద్దా యని ఇంగ్లండున గొప్ప వాదము చెలరేగినది. హిందువులు నీతిహీనులనియు, వారి మతము అంధకారమనియు కొందరు వ్రాసిరి. స్టూవర్టు 1808లో తన పేరు చెప్పక, వంగసైన్యపు అధికారి యని మాత్రమే చెప్పుకొని, ఒక గ్రంథము ప్రకటించెను. హిందూధర్మము తన యనుయాయులను సత్ప్రవర్తనులుగా జేయుటకు చాలునని, వారి పురాణములను హేళన చేయుట అజ్ఞానమని అందు వాదించెను. తన జాతివారే పాలించుచుండగా, తన యుద్యోగము వారి చేతిలోనుండగా, ఇట్లు వ్రాయుటకు ధైర్యము కావలెను. తన పటాలములోని సిపాయిలు తిలకములతోను, మీసములతోను కవాతునకు రావచ్చునని అనుమతించి పై యధికారుల మందలింపునకు గురియయ్యెను. ఈ విషయమున అతనికి మనవారు ఋణపడియున్నారని చెప్పుట న్యాయము.

ఇంతవరకు చదివినవారికి అతనియందు ప్రీతి కలుగును. ఇక చెప్పవలసినది కష్టమైన భాగము.

స్టూవర్టు విగ్రహములను ప్రోగుచేసెను. ఒకటి రెండు గావు. వుడ్ స్ట్రీటు గృహము నిండునట్లు ప్రోగుచేసెను. పాలరాజుల కాలపు వంగదేశ విష్ణుమూర్తులు, గాంగరాజుల కాలపు ఉత్కల శిల్పములు, గణపతులు, మహిషమర్దినులు, సూర్యులు, హరిహరమూర్తి, ద్వారబంధముల తునకలు, శాసనములు, ఇవి గాక లోహప్రతిమలు, ఆయుధములు, వస్త్రములు. ఆ గృహమును చూడగోరువారికి తలుపులు తెరచియుండెడివి. అంతకుముందు మన శిలామూర్తులను వికృతాకారములని పరిహసించిన పాశ్చాత్యులు అక్కడ మొదటిసారి వానిని నిదానముగా చూచిరి. ఇట్లు మన ఆలయశిల్పమును ఒకచోట జేర్చి ప్రదర్శించినవారిలో అతడు మొదటివారిలోని వాడు.

ఈ మూర్తులు అతనికి ఎట్లు లభించినవి? కొన్నింటిని కొనెను. కొన్ని పాడుబడిన చోట్ల పడియుండగా తెప్పించెను. చెరువులలోను పొలములలోను దొరకినవి కొన్ని. ఇక్కడ ఒక విషయమును గమనింపవలెను. మన ఆగమములు జీర్ణోద్ధార విధిని చెప్పినవి. బింబము భిన్నమైనచో దానిలోని భగవచ్ఛక్తిని విధిపూర్వకముగా కుంభమునందు ఆవాహన చేసి, ఆ శిలను జలమున విడుచుదురు. దండయాత్రల కాలమున అర్చకులు రక్షణార్థమై మూర్తులను చెరువులలో దాచిన సందర్భములును కలవు. కనుక నీటిలోని విగ్రహము దిక్కులేనిది కాదు. అది అచ్చట ఉండుటకు కారణము కలదు. పరదేశీయునికి ఆ కారణము తెలియదు; పాడుచోట పడియున్న అందమైన రాయిగా మాత్రము అది అతనికి కనబడును.

పాడుబడిన చోట్ల సంగతి యట్లుండగా, పూజలు జరుగుచున్న చోటినుండి తెచ్చిన వాని మాటయేమి? ఉత్కలదేశము 1803లో నాగపురపు భోంసలేల చేతినుండి కంపెనీవారి చేతిలోనికి వచ్చెను. కంపెనీ సైన్యాధికారులకు ఆ దేశమున త్రోవలు తెరచుకొన్నవి. స్టూవర్టు భువనేశ్వరమున బోయి, అచ్చటి ఆలయములనుండి విగ్రహములను, శాసనశిలలను గొనిపోయెనని అర్చకులు దశాబ్దముల తరువాత గూడ చెప్పుకొనిరి. సైనికుల బలముతో వచ్చిన పాలకుడు చేయి చాచినప్పుడు పల్లెటూరి అర్చకుడు ఇచ్చెనా, ఇయ్యక తప్పలేదా యను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు.

మూర్తిని విరుగగొట్టువాడు ద్వేషముచేత ఆ పని చేయును. స్టూవర్టు ప్రేమచేత గొనిపోయెను. గంగాస్నానము చేయువాడు, హిందూధర్మమును సమర్థించి గ్రంథము వ్రాసినవాడు, దేవుని ఇంటినుండి దేవుని గొనిపోవుట తప్పని ఏల తలపలేదు? అతనికి శిల్పము తెలిసినది, అర్చ తెలియలేదు. శిల్పి ఉలి దింపగానే శిల దేవుడు గాదు. జలాధివాసము, ధాన్యాధివాసము, శయ్యాధివాసము నడచి, నేత్రోన్మీలనము జరిగి, ప్రాణప్రతిష్ఠ యైన పిమ్మట ఆ మూర్తికి ఒక ఊరు, ఒక పేరు, ఒక తిరునక్షత్రము, నైవేద్యమునకు మాన్యము, ఉత్సవమున మోయుటకు భుజములు ఏర్పడును. తన సౌలభ్యముచేత భగవంతుడు అర్చకుని యధీనుడై, స్నానపానాదులకు సైతము అతనిపై ఆధారపడి యుండుటకు అంగీకరించినాడని పూర్వాచార్యులు బోధించిరి. అట్టి స్వామిని పీఠమునుండి పెల్లగించి వుడ్ స్ట్రీటు మేడలో వరుసగా నిలిపినపుడు ఆయన సౌందర్యములో లోపము రాలేదు. నైవేద్యము మాత్రము ఆగిపోయినది. స్టూవర్టు తన గృహమున కొన్నింటిని బూజించెనందురు. ఒక్కడు ఎందరిని బూజింపగలడు?

తుది దశలో అతడు మధ్యభారతమున సాగరు దండునకు అధిపతిగా నుండెను. అచ్చట ఒక ఆలయమును గూడ కట్టించెనని ప్రతీతి. 1828 మార్చి 31వ తేదీన కలకత్తాలో మరణించెను. సౌత్ పార్క్ స్ట్రీటులోని క్రైస్తవ శ్మశానమున అతనిని ఖననము చేసిరి. కాని సమాధిని చిన్న దేవాలయాకృతిలో కట్టి, చెక్కడపు రాతి ద్వారమును అమర్చిరి. కొన్ని ప్రతిమలను అతనితో బాటు ఆ భూమియందుంచిరని చెప్పుదురు.

మిగిలిన మూర్తులు పెద్ద పెద్ద పెట్టెలలో నోడకెక్కి సముద్రము దాటినవి. 1830 జూన్ మాసమున లండను నగరమున క్రిస్టీ వారి వేలముశాలలో అవి అమ్మకమునకు వచ్చినవి. ఒకప్పుడు తిరుమంజనములందుకొన్న మూర్తులకు సంఖ్యలు వేసి, సుత్తి దెబ్బతో ధర తేల్చిరి. వానిలో అధికభాగమును కొన్నవాడు జాన్ బ్రిడ్జి. అతడు ఇంగ్లండు రాజునకు నగలు చేయించియిచ్చు వర్తకుల సంస్థలో భాగస్వామి. రత్నపరీక్షకుడగుటచే రాతిపనిలోని సొగసును కనిపెట్టినాడు కాబోలు. అతడు 1834లో మరణించెను. ఆ శిల్పములు అతని కుటుంబమువారి యొద్ద నలువదియేండ్లకు సమీపముగా నుండి, తుదకు 1872లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. కోట్లకొలది జనులు వానిని చూచియున్నారు. భారతీయ శిల్పమును గూర్చి పాశ్చాత్యులు వ్రాసిన గ్రంథములలో వాని చిత్రములు పెక్కు కనబడును. గాంగుల నాటి శిల్పులు ద్వారములకును, మూర్తులకును వాడిన పచ్చఛాయ గల మెత్తని నల్లరాయి అక్కడి దీపముల వెలుగున మిక్కిలి నిగనిగలాడునట. నూనెయు, చందనమును, కర్పూర హారతియు ఎరిగిన రాయి గదా.

భువనేశ్వరమువారు మాత్రము మరువలేదు. 1837 ప్రాంతమున మార్కమ్ కిట్టో యను యువసైనికాధికారి ఉత్కలమున శాసనములను వెదకుచు తిరిగెను. ధౌలి కొండపై అశోకుని శాసనమును కనుగొన్నవా డతడే. అతడు భువనేశ్వరమునకు వచ్చినప్పుడు అర్చకులు ముఖము చాటువేసిరి. శాసనముల దగ్గరకు రానీయలేదు. కారణమడుగగా, వెనుక ఒక కర్నలు దొర వచ్చి విగ్రహములను శాసనములను ఎత్తుకొనిపోయెనని, నీవును అట్టివాడవే యని భయమని తెలిపిరి. కిట్టో ఈ సంగతిని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్‌నకు వ్రాసెను. అశోకుని లిపిని చదివి కీర్తిగాంచిన పండితుడీ ప్రిన్సెప్. సొసైటీ వస్తుశాలలో వెదకగా, జనరల్ స్టూవర్టు సమర్పించిన శాసనశిలలు రెండు కనబడినవి. ఇవియే భువనేశ్వరమునుండి వచ్చినవని తలచి వానిని తిరిగి పంపుటకు సొసైటీవారు నిశ్చయించిరి. పాలకులు ప్రజలనుండి గొనిపోయిన ఆలయశిలలను తామై తిరిగి పంపుట ఆ కాలమున అపూర్వము.

శిలలు వచ్చినవి. కిట్టో అర్చకులు సంతోషింతురని, తనను కొనియాడుదురని ఎదురుచూచెను. వారు ఒక పెద్ద జాబితా తెచ్చి అతని చేతిలో నుంచిరి. పోయిన విగ్రహముల పట్టిక యది. శిలలను తెప్పించినట్లే వీనిని గూడ తెప్పింపుమని యడిగిరి. కిట్టోకు ఇది కృతఘ్నతగా దోచినది. అర్చకుల దృష్టితో చూచినచో అందు కృతఘ్నత లేదు. శాసనము పోయిన గోడ వెలితిగా నుండును. మూర్తి పోయిన పీఠము వద్ద ప్రతిదినము సంకల్పము చెప్పవలసిన వాని బాధ వేరు. ఆ పట్టికలోని మూర్తులు అప్పటికి ఏడేండ్ల క్రిందటనే లండనులో వేలమైపోయిన సంగతి కిట్టోకును అర్చకులకును తెలిసియుండదు.

ఇందు మరియొక చిత్రము. తిరిగివచ్చిన రెండు శిలలను అనంత వాసుదేవాలయ ప్రాకారమున పొదిగిరి. వానిలో ఒకటి ఆ క్షేత్రమునకు చెందినదే. గాంగరాజునకు బావమరదియైన స్వప్నేశ్వరుడు మేఘేశ్వరాలయమును కట్టించిన వృత్తాంతము అందు కలదు. రెండవది భవదేవభట్టుని ప్రశస్తి. భవదేవుడు ఉత్కలీయుడు కాడు. వంగదేశమున రాఢాప్రాంతపు సిద్ధల గ్రామవాసి, హరివర్మదేవుని మంత్రి, మీమాంసాధర్మశాస్త్రములయందు ఉద్దండుడు. ఆయన ప్రాయశ్చిత్త ప్రకరణము ధర్మశాస్త్ర మభ్యసించినవారికి సుపరిచితమే. ఆయన తన దేశమున విష్ణ్వాలయము కట్టించి నారాయణ, అనంత, నృసింహ మూర్తులను ప్రతిష్ఠించినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. స్టూవర్టు వంగదేశమునుండి తెచ్చిన శిలను, అనంతనామసామ్యమువలన గాబోలు, భువనేశ్వరమునకు పంపిరని తరువాతి పండితులు నిర్ణయించిరి. శిల ఎచ్చటినుండి వచ్చినదో స్టూవర్టు సంగ్రహమున వివరముగా వ్రాసి యుంచకపోవుటచే జరిగిన యనర్థమిది. ప్రాయశ్చిత్తములను విధించిన పండితుని శిలయే అన్యుల అపరాధమువలన పరదేశవాసము చేయవలసి వచ్చినది!

చంద్రికాదేవి చెక్కించిన అసలైన శిల ఏదీ? అది లండనులోని రాయల్ ఆసియాటిక్ సొసైటీకి చేరియుండెను. 20వ శతాబ్ది ఆరంభమున బార్నెట్ అను సంస్కృత పండితుడు అచ్చట దానిని చదివి ఎపిగ్రాఫియా ఇండికా సంపుటమున ప్రకటించెను. అనంగభీముని కుమార్తె పేరు, ఆమె సంగీతనృత్య ప్రావీణ్యము, పరమర్దిదేవుని మరణము, శక సంవత్సరము 1200 అను కాలనిర్ణయము లోకమునకు స్పష్టమైనది అప్పుడే. అంతవరకు ఆలయము నిలిచియుండగా, కట్టించిన తల్లి చెప్పుకొన్న మాట ఏడు సముద్రముల ఆవల నుండినది.

ఈ దేశమున 1972లో వచ్చిన చట్టము పురాతన శిల్పములను అనుమతి లేక విదేశములకు పంపుటను నిషేధించినది. తమిళదేశపు పత్తూరు ఆలయమునుండి దొంగిలింపబడిన నటరాజమూర్తి విషయమున లండను న్యాయస్థానమున వ్యాజ్యము జరుగగా, ఆలయము తన హక్కును స్థాపించుకొని 1991లో ఆ మూర్తిని తిరిగి పొందినది. కిట్టో చేతిలో పట్టిక నుంచిన అర్చకులు కోరినదియు అట్టిదే. వారి కాలమున వారి పక్షమున వాదించుటకు న్యాయస్థానము లేదు.

అనంత వాసుదేవుని సన్నిధిని మాత్రము నైవేద్యము తప్పలేదు. పాకశాలలో కుండలు పొయ్యి మీదికి ఎక్కుచునే యున్నవి. పాతపట్నపు యాత్రికులు బిందు సరోవరపు గాలికి అరటియాకులో అన్నము, పప్పు వడ్డించుకొని భుజించి, చేతులు కడిగికొన పోవుచు ప్రాకారము ప్రక్కగా నడుతురు. గోడలోని రెండు శిలలలో ఒకటి భవదేవభట్టునిది.